ఓడదిబ్బ పైపొర

చదువుకున్నవాళ్ల కాళ్లు పనికిరావట. పాత ఊళ్లు తవ్వే రాజ్యశ్రీ మేడం ఆ మాట అన్నప్పుడు నాకు లోలోపల చెప్పలేనంత సంతోషం కలిగింది. ఐదో తరగతిలో బడి మానేసిన నాటినుంచి నలభై ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా నీ తల పనికిరాదు, నీ సంతకం పనికిరాదు అన్నవాళ్లే గాని, ఇంకొకరి కాళ్లు పనికిరావు, నీవే కావాలి అన్నవాళ్లు ఎవరూ లేరు.

మా చినరేవుకీ సముద్రానికీ మధ్య ఓడదిబ్బ ఉంది. పేరుకే ఓడ. ఇప్పుడు అక్కణ్ణించి సముద్రం రెండు కోసుల దూరం. వానపడ్డాక మేకలు కాసేవాళ్లకు ఆకుపచ్చటి పింగాణీ పెంకులు దొరుకుతాయి, అంతే. మేడం వచ్చి దిబ్బను నిలువునా కోయించి, గోడలో పొరలు చూపించి, ఏడు వందల ఏళ్ల కింద ఇక్కడ రేవు పట్నం ఉండేదని చెప్పింది. మావాళ్లు విని, సరేలెమ్మని మడుల్లోకి పోయారు. మాది ఉప్పు పండించే ఊరు. పోయిన పట్నాల సంగతి మాకెందుకు?

ఆమెకు కావలసింది పెంకులు కాదు, తొక్కిన నేల. జనం నడిచిన చోట మట్టి అణిగి గట్టిపడుతుంది. దాని మీద ఇనపపలక పెడితే వెంట్రుకంత సన్నటి సూదులు వేలకు వేలు దిగి, ఎక్కడ ఎంత బరువు పడిందో చూస్తాయి. కంప్యూటర్ ఆ బరువుల్లోంచి అడుగులు ఏరుతుంది. ఆ అడుగుల్ని మోకాళ్లదాకా వచ్చే జోళ్లలోకి ఎక్కిస్తారు. జోళ్లు తొడుక్కుని గంటసేపు నడిస్తే అవి కండరాల్ని పట్టి లాగి లాగి, చచ్చిపోయిన ఆ మనిషి నడకను మన కాళ్లకు నేర్పుతాయి.

"ఎలా నడిచారో యంత్రం చెబుతుంది తిరుపాలు గారూ. ఏం మోస్తూ నడిచారో చెప్పలేదు. అది బరువు మోసిన ఒంటికే తెలుస్తుంది" అంది మేడం. అంతకుముందు ఇద్దరు విద్యార్థులు తొడుక్కున్నారట. ఒకతను "బరువుగా ఉంది" అన్నాడు. రెండో అమ్మాయి "చాలా బరువుగా ఉంది" అంది.

మొదటిరోజు రేకుల షెడ్డులో ఇంజనీరు ఫణి పొడవాటి తొట్టిలో తడిమట్టి పోయించాడు. "అటూ ఇటూ నడువు బాబాయ్. నీ సొంత నడక దాచిపెడతాం. పనంతా అయ్యాక అదే నీకు తిరిగి ఎక్కిస్తాం" అని చెప్పి ఫోను మోగితే బయటికి పోయాడు. నేను రెండుసార్లు నడిచాను. ఆ మట్టి ఎవరు కలిపారో గాని, చవట కలుపుడు. ఒకచోట జారు, ఒకచోట గడ్డ. పాతికేళ్లు ఉప్పుమడి తొక్కిన కాళ్లు అలాంటి మట్టిని చూసి ఊరుకోలేవు. ఫణి తిరిగొచ్చేసరికి తొట్టి పలకలా ఉంది.

"అయిందా?"

"అయింది బాబూ."

అతను దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, నా పేరు రాసిన చీటీ అంటించాడు.

అట్టడుగు పొర నడకలో నా కుడిభుజం ముందుకు వాలింది, కాలివేళ్లు నేలను గీరాయి.

"తాడు లాగుతున్నాడు మేడం. వెనకాల ఇంకా ఉన్నారు, అందరూ ఒకేసారి ఊపిరి బిగబడుతున్నారు."

"ఓడనా?"

"ఓడని మనుషులు ఒడ్డుకి లాగుతారా? చేపలు పట్టే తెప్ప."

దానిపై పొరలో కావడి వచ్చింది. ఆ పరుగు లాంటి నడకలో మోకాళ్లు నూనె రాసినట్టు మెత్తగా వంగుతున్నాయి. పగిలే సరుకని చెప్పాను. మేడం చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది, ఆ పొరలోనే చీనా పింగాణీ దొరికిందట. ఇంకా పైన చెక్కబల్ల మీదినుంచి ఓడలోకి బేళ్లు ఎక్కించేవాడి నడక, తల మీద ధాన్యం గంపతో ఆడమనిషి నడక. ఊరు ఎలా పెరిగిందో నా కాళ్లకు తెలుస్తూ వచ్చింది. మొదట ఇసక, తరవాత పెంకులు పరిచిన దారి, ఆ తరవాత ఊరి చెత్తంతా నీళ్లలో పోసి, ఒడ్డును ముందుకు జరిపి, ఆ చెత్త మీదే ఇంకో వీధి.

"స్కాట్లాండులో ఒక పాత రేవులో నాలుగేళ్లు తవ్వాను. అక్కడా ఇంతే" అంది మేడం, గోడ పక్కన గొంతుక్కూచుని. "చేపముళ్లు, ఆలిచిప్పలు, పొయ్యి బూడిద. వాళ్ల చెత్త మీదే వాళ్ల పట్నం నిలబడింది. అన్నిటికన్నా పైపొర సంతవీధి. అడుగు మీద అడుగు, ఎంత జనమో. మనకీ పైపొర అలాగే ఉంది చూడండి. నాలుగంగుళాలు, రాయిలా."

"అక్కడ జోళ్లు ఎవరు తొడుక్కున్నారు మేడం?"

"ఒక పడవ కూలీ. అతని నడక అతనికి ఇచ్చేశాం. బాగానే ఉన్నాడు."

మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉండేవి రెండు జతల కాళ్లు. అందులో ఒక జత రోజుకో రకంగా వస్తుంటే నా భార్య మస్తానమ్మకు మొదట్లో వేడుకగానే ఉండేది.

"ఏం మావా, ఈ పొద్దు కావడి దించకుండానే వచ్చావే?"

"దించడానికి చోటు చూపిస్తే గదా."

"నిన్నొచ్చినాయన మర్యాదస్తుడు. గడప కాడే ఆగాడు. నువ్వేందయ్యా, కుక్క తరిమినట్టొచ్చావు."

అన్నం తినేసరికి ఆ నడకలు దిగిపోయేవి. కొన్నాళ్లకు తెల్లారేదాకా ఉండసాగాయి. పైపొర మొదలుపెట్టాక దిగడం మానేశాయి.

ఆ పొరలో మూడు వందల పన్నెండు మంది ఉన్నారని కంప్యూటర్ చెప్పింది. ఇరవైమూడు రోజులు ఆ నడకే నడిచాను. అది ముందుకు పోయే నడక కాదు. పక్కకి, అరడుగు. మడమ నొక్కి, పాదం అదిమి, ఆగి, మళ్లీ అరడుగు. మొదటి గంటలోనే మడి తొక్కుడేమో అనిపించింది. కాని మడి తొక్కేవాడు ఆగడు. ఈ నడకలో ప్రతి అడుగుకీ ఒక ఆగుడు ఉంది. గుటక వేసినంతసేపు. అందుకే అది తొక్కుడు కాదనుకున్నాను. నాకు తెలిసిందల్లా మేడానికి చెప్పాను.

"పక్కకి జరుగుతున్నారు. ఆగుతున్నారు. చేతిలో, తలమీద ఏమీ లేదు."

"సంత కదా!" అంది ఆమె, మొహం వెలిగిపోతూ. "రద్దీలో అంతే కదా, పక్కకి జరగాలి, ఆగాలి. పట్నం బాగా బతికిన రోజులు ఇవి. ఫణీ, రాసుకో."

ఫణి రాసుకున్నాడు. పెద్దవాళ్లు వచ్చి చూస్తారన్నారు. దిబ్బ మీద మ్యూజియం కడతారన్నారు. నా కాళ్ల గురించి అడిగితే, "పని అయిపోయింది కదా, వచ్చే వారం మీ నడక మీకు ఎక్కించేస్తాం" అంది మేడం. ఆ మాట పట్టుకునే మడుల్లోకి వెళ్లాను. వానలు వెనకపట్టాయి, తొక్కుడు మొదలవుతోంది. ఆ పనికి ఆలుమగలం ఒకే వరసలో నిలబడుతున్నది ఇరవై రెండేళ్లుగా.

మడి తొక్కడం తెలియనివాళ్లకు చెబుతున్నాను. ఉప్పునీళ్లు పెట్టేముందు మడి అడుగు నీళ్లు తాగకుండా ఉండాలి. అందుకని మట్టిని తడిపి పదకొండు మంది భుజాలు కలిపి వరసగా నిలబడి, ఒకే అదనులో పక్కకి తొక్కుకుంటూ పోతారు. ఒకరి ఎడమపాదం పక్కనే ఇంకొకరి కుడిపాదం పడాలి. మధ్యలో గడ్డిపరక పట్టకూడదు. మా వరసకు మేస్త్రీ మస్తానమ్మ పెద్దన్న అంకబాబు. గట్టున నిలబడి "హోయ్" అంటాడు, పదకొండు పాదాలు పడతాయి.

నేను ఆగాను.

"మావా, కదులు" అంది నా ఎడమపక్కనుంచి మస్తానమ్మ.

కదిలాను. మళ్లీ ఆగాను. ఆగకూడదని పళ్లు బిగించి వేస్తే కాలు సగం గాలిలోనే నిలబడింది. కుడిపక్క వాళ్లు నామీద పడ్డారు, ఎడమపక్క జానెడు సందు పడింది. ఎవరో నవ్వారు. అంకబాబు నవ్వలేదు, ఆపలేదు కూడా, మడి చివరిదాకా తొక్కించాడు. మూడోనాడు నీళ్లు పెట్టి చూస్తే నా కాళ్లు నడిచిన చాలు పొడుగునా మడి నీళ్లు తాగేసింది. పదిమంది పడ్డ కష్టం నా చాలులోంచి ఇంకిపోయింది.

"తిరుపాలూ, నువ్వు గట్టు మీద కూర్చో" అన్నాడు అంకబాబు.

"ఇవి నా కాళ్లు కావు బావా."

"ఎవరియ్యి మరి?"

"తెలవదు."

"తెలిసినాక రా. ఇంతమంది నోటికాడ కూడు ఇది. నా చెల్లెలి మొగుడివని మడి నీళ్లు తాగకుండా ఉంటదా?"

మస్తానమ్మ ఏమన్నా అంటుందని చూశాను. ఆమె తల దించుకుని పక్కకు జరిగింది. నేను తప్పుకున్న చోటు పూడ్చడానికి వరసంతా జరిగింది. జరిగాక, అక్కడ ఒక మనిషి ఉండేవాడని చెప్పే గుర్తే లేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు పోయాను. మేడం టీ తాగుతోంది. ఇవాళే నా నడక నాకు కావాలన్నాను. ఆమె కాదనలేదు. ఫణి తొట్టి మీద పట్టా తీసి ఇనపపలక పెట్టాడు. కాసేపు తెర వంక చూశాడు. పలక తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు.

"ఎవరెవరు తొక్కారు దీన్ని? షెడ్డుకి తాళం వేసి ఉందే!"

"ఏమైంది?" అంది మేడం.

"నలభై ఒక్కమంది చూపిస్తోంది మేడం."

"నలభై ఒక్కమంది ఎవరు బాబూ" అన్నాను. "నేనే తొక్కాను. మట్టి కలుపుడు బాగాలేదు. వదిలెయ్యబుద్ధి కాలేదు."

"నడవమంటే తొక్కావా? బాబాయ్, నీ నడక ఏదీ ఇందులో? అడుగు మీద అడుగు వేసి మొత్తం చెరిపేశావు కదా! ఒక్కడివే తొక్కితే ఇది నలభై మందిని ఎందుకు..."

మేడం టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. పెట్టిన చోటు చూసుకోలేదేమో, అది కిందపడి దొర్లింది. ఆమె దాన్ని కూడా చూడలేదు.

"ఒక్కరు తొక్కితే నలభై ఒకటి" అంది మెల్లిగా. "తిరుపాలు గారూ, పక్కకి జరుగుతున్నారన్నారే. పైపొరలో. మీరు ఇందులో వేసినట్టేనా?"

"అట్టాగే. కాకపోతే తొక్కేవాడు ఆగడు మేడం. అందుకని..."

"ఫణీ, పైపొర అంతా మళ్లీ తియ్యి. ఒకే మనిషి అనుకుని లెక్కకట్టు."

సాయంత్రం దాకా కూర్చున్నాం. ఎవరూ భోజనం మాట ఎత్తలేదు. మూడు వందల పన్నెండు మంది ఒకరిలో ఒకరు కలిసిపోతూ వచ్చారు. ప్రతి కుడిపాదంలోనూ చిటికెనవేలు నేలకు ఆనలేదు. అందరిదీ ఒకటే పాదం. పొర మధ్యలో సన్నటి ఒండ్రు చారలు ఉన్నాయి. వాటిని మేడం సంతవీధికి ఏటా చేసిన మరమ్మతు అనుకుంది. అవి వానాకాలాలు. పంతొమ్మిది. ఆ పొరలో పింగాణీ లేదు, చేపముల్లు లేదు, బండిచక్రం గాడి లేదు. ఉప్పుటేరు పూడి, ఓడలు రావడం మానేసి, పట్నమంతా లేచిపోయాక ఎవరో ఒక్కరు మిగిలి, జనం నడిచిన రేవు నేల మీదే మడి కట్టుకుని పంతొమ్మిదేళ్లు తొక్కుకున్నారు. ఆడో మగో యంత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేను.

"పట్నం వెలిగిన రోజులన్నాను" అంది మేడం, తనలో తాను.

నాకు అప్పుడు ఆ ఆగుడు తెలిసింది. వరసలో ఎవరూ ఆగరు, నిజమే. కాని పక్కన కొత్తగా నేర్చుకునేవాళ్లో కాలు సరిగా లేనివాళ్లో ఉంటే, వాళ్ల పాదం పడేదాకా మన పాదం ఆగుతుంది. అలా ఏళ్ల తరబడి తొక్కితే ఆగడమే అలవాటైపోతుంది. మేడానికి అదే చెప్పాను.

"పక్కన మనిషి ఉన్నారని ఎలా చెప్పగలరు?"

"ఉంటే వాళ్ల కాలు మట్టిలో ఉండాలి గదా. ఎడంపక్క వెతికించండి. బాగా అడుగున."

దొరికింది. మొదటి మూడు చారల కింద చిన్న పాదం ఒకటి, ఎడమకాలు ఈడుస్తూ. పెద్ద పాదం వదిలిన జానెడు సందులో సరిగ్గా ఇమిడి ఉంది. నాలుగో ఏటినుంచి లేదు. సందు మాత్రం అలాగే ఉంది. పదహారేళ్లపాటు ఆ మనిషి ప్రతి అడుగుకీ ఆగి, ఎవరూ వెయ్యని అడుగుకు చోటు వదిలి, ఆ చోటు మళ్లీ తనే వెనక్కి వచ్చి తొక్కుకున్నారు.

ఫణి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మంచి కుర్రాడే, అరిచినా.

"నా సంగతి చెప్పండి మేడం" అన్నాను.

"తొట్టిలో ఉన్నది కాసేపటి తొక్కుడే, ఒకే మనిషి అనుకున్నా నడక ఏరడానికి అది చాలదు. మీ ఊళ్లో పాత మడులు ఉంటాయి కదా? మీరు తొక్కినవి. వాటిలోంచి మీ అడుగు తీస్తాం."

"పదకొండు మందిమి తొక్కినయ్యి. వరస మంచిదైతే ఎవరడుగు ఎవరిదో తెలియకూడదు. అదే మా పనితనం."

"ఇంటి వాకిలి? మీరు రోజూ నడిచే దారి?"

"వాకిలి సిమెంటు. దారి తారు."

ఆమె తొట్టి అంచున కూలబడింది. తప్పు తనదని, మొదటిరోజే తొట్టి చూసుకోవలసిందని అంది. నిజానికి తప్పు నా కాళ్లది. కాని ఆ మాట అనడానికి నాకు మనసొప్పలేదు. నలభై ఎనిమిదేళ్లలో చదువుకున్నవాళ్లు నా ముందు తప్పు ఒప్పుకోవడం అదే మొదలు, కాసేపు అలా ఉండనిద్దామనిపించింది. ఆ పాడుబుద్ధి వల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

"నేను బయల్దేరతా మేడం. ఈ నడకతో ఇంటికి చేరేసరికి చాలా పొద్దుపోద్ది."

మేడం ఉన్నది ఉన్నట్టే రాసిందని తరవాత ఫణి చెప్పాడు. పట్నం అనుకున్నంత పెద్దది కాదని, అనుకున్నదానికంటే ముందే చచ్చిపోయిందని. వస్తామన్న పెద్దవాళ్లు రాలేదు. ఒక మనిషి తొక్కిన మడికి మ్యూజియం ఎవరు కడతారు? గోతుల్లో ఇసక నింపి, షెడ్డు విప్పుకుని వెళ్లిపోయారు. వెళ్లేముందు మేడం మా ఇంటికొచ్చి ఏదో డాక్టరు పేరు రాసిచ్చింది. ఆరు నెలలు తిరిగాను. నా కాళ్లలో జబ్బేమీ లేదన్నాడు ఆయన. నిజమే, జబ్బు లేదు.

మళ్లీ తొక్కుళ్ల కాలం వచ్చింది. ఉప్పుటేటి వంపులో, అందరూ వదిలేసిన చివరి మడిలోకి దిగాను. మట్టి తడిపాను. ఎవరి అదనూ లేదు, ఎవరి "హోయ్" లేదు. పక్కకి అరడుగు, ఆగుడు, అరడుగు. చివరిదాకా పోయి, వదిలిన సందులు తొక్కుకుంటూ వెనక్కి వచ్చాను. మూడు రోజులు పట్టింది. నీళ్లు పెట్టాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టున కూర్చుని చూశాను. చుక్క ఇంకలేదు. ఒంటరిగా తొక్కడానికి దానంత మంచి నడక ఇంకోటి లేదు. పంతొమ్మిదేళ్లు అరిగి అరిగి కుదురుకున్న నడక అది.

రెండో మడి తొక్కుతుంటే మస్తానమ్మ మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చి గట్టున పెట్టింది. కాసేపు నిలబడి చూసింది. చీర ఎగదోపుకుని మడిలోకి దిగి నా ఎడమపక్కన నిలబడింది.

"వెయ్యి మావా."

వేశాను. ఆగాను. ఆమె పాదం ముందే పడిపోయింది.

"తొందరపడ్డా. మళ్లీ వెయ్యి."

ఈసారి ఆలస్యమైంది. ఆమె పాదం కింద నా పాదం నలిగింది. "ఇంకాస్త ముందా? ఇంకాస్త తరవాతా? ఎంతసేపు ఆగాలయ్యా?"

"నాకు తెలిస్తే గదా చెప్పేది."

కాలు ఈడ్చి చూసింది. కుంటి చూసింది. తనని తాను చూసుకుని నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. ఇరవై రెండేళ్లు మంచి వరసలో తొక్కిన కాళ్లు ఆమెవి, ఎవరి కుంటితనంలోకీ ఒదగవు. మడి సగందాకా వచ్చేసరికి మేం తొక్కిన చాలు గతుకులు గతుకులుగా ఉంది. ఆమెకూ కనపడింది.

దూరంనుంచి అంకబాబు "హోయ్" వినపడింది. భోజనాలయ్యాయి, వరస దిగుతోంది.

"పోయొస్తా మావా. క్యారేజీ కడిగి తీసుకురా" అని గట్టెక్కి, కాలవలో కాళ్లు కడుక్కుని వెళ్లింది. చకచకా వెళ్లింది. ఆ నడక నాకు ఎంత దూరంనుంచైనా తెలుస్తుంది.

నేను మడి మొదటికి వెళ్లాను. గతుకులన్నీ నీళ్లు చల్లి చదును చేశాను. పక్కకి అరడుగు వేశాను. ఎడమవైపు జానెడు చోటు వదిలి, నాకు పేరైనా తెలియని మనిషి కాలు ఈడ్చుకుంటూ వచ్చి పాదం మోపేంతసేపు ఆగి, మళ్లీ అడుగు వేశాను.